వెనుకవానికి చెప్పే మాట

మోటారు కారును గురించి ముచ్చటించేవారు సాధారణంగా దాని యింజను బలాన్ని, పరుగును, పైరంగును వర్ణిస్తారు. పాతకార్లపై మక్కువ గలవారైతే స్టీరింగు చక్రం మొదలుకొని తలుపు పిడి దాకా పూస గుచ్చినట్లు చెప్పగలరు. బ్రేకు పెడలుకు పైన, చేయి పెట్టడానికే సందు లేని చీకటి మూలలో, బొటనవ్రేలంత ప్రమాణంలో ఉండే ఒక మీట ప్రసక్తి మాత్రం వారి సంభాషణలో రాదు. కారు ఆగబోతున్నదన్న సంగతిని వెనుక వచ్చేవానికి ఎరుకపరచేది ఆ మీటే. మెకానిక్కులు దానిని బ్రేకు లైటు స్విచ్చి అంటారు. కారులోని పరికరాలు పెక్కు ఎక్కినవాని సౌఖ్యం కోసం ఏర్పడినవి. ఇది కేవలం పరుల కోసం ఏర్పడినది. ఎవని వీపు వానికి కనిపించనట్లే ఈ దీపపు వెలుగు చోదకునికి ఎన్నడూ కంటబడదు. అది మూగవోయి నెల గడిచినా, రేయింబవళ్ళు ఆరకుండా వెలుగుతున్నా, ఆ సంగతి అందరికంటె చివర తెలిసేది అతనికే.

ఈ మాటను పూర్వం చేతితో చెప్పేవారు. 1939 నాటి మోటారు వాహనాల చట్టం చోదకుడు చూపవలసిన హస్తసంజ్ఞలను విధించింది. కుడి ముంజేతిని నిలువుగా ఎత్తితే ఆగబోతున్నానని అర్థం. చేయి చాపి, అరచేతిని నేలవైపు ఉంచి పైకీ క్రిందికీ ఆడిస్తే వేగం తగ్గిస్తున్నానని అర్థం. ఆ సంజ్ఞలో ఒక విశేషం ఉన్నది. చేయి ఎత్తాలంటే ముందుగా మనసులో అనుకోవాలి. కనుక ఆగడానికి ముందే మాట బయటపడేది. విద్యుద్దీపం వచ్చిన తరువాత ఆ బాధ్యత చేతి నుండి పాదానికి దిగింది. పాదం పెడలును తాకగానే దీపం వెలుగుతుంది. అనుకోవలసిన అవసరమే లేదు. సౌకర్యం ఎక్కువే. కాని చేయి అబద్ధమాడితే అది చోదకుని తప్పు. స్విచ్చి అబద్ధమాడితే చోదకుడు నిర్దోషి, వెనుకవాడూ నిర్దోషి, అయినప్పటికిన్ని దెబ్బ తగలక మానదు.

ఆ దెబ్బ ఎంతలో తగులుతుందో విద్యార్థులు తామే లెక్క కట్టుకోవచ్చును. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. వెనుకవాడు కేవలం ముందు కారు పెద్దదై కనిపించడాన్ని బట్టి పరిస్థితి గ్రహించవలసి వస్తే, ఆ సందేహంలోనే ఒక సెకను గడిచిపోతుంది; పదిహేడు మీటర్ల నేల ఖర్చయిపోతుంది. రాత్రివేళ అయితే ఆ పెద్దదనం కూడా కానరాదు. దీపంలోని తీగ వేడెక్కి పూర్తి కాంతి నివ్వడానికి పట్టే సెకనులో అయిదవ వంతు కాలం కూడా ఈ లెక్కలో మూడు మీటర్లకు పైమాటే. అమెరికాలో 1986 నమూనా సంవత్సరం నుండి కొత్త కార్లన్నిటికీ వెనుక అద్దం మధ్యన మూడవ దీపం కూడా ఉండి తీరాలని నిర్బంధించారంటే, ఈ క్షణమాత్రపు విలువను గుర్తించినందువల్లనే.

పాతకార్లలో ఈ స్విచ్చి రెండు జాతులు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వంశంలో పుట్టి మన రోడ్లను అర్ధశతాబ్దం పైగా ఏలిన అంబాసిడర్‌లో అది బ్రేకు నూనె గొట్టపు దారిలో బిగించి ఉంటుంది. పెడలు తొక్కగానే నూనెలో ఒత్తిడి పెరిగి లోపలి పలుచని పొరను నెడుతుంది. లోహపు ముక్కలు రెండు కలుసుకొని దీపం వెలుగుతుంది. మూసి ఉన్న ద్రవంలో ఒక చోట కలిగిన ఒత్తిడి అన్ని వైపులకూ సమంగా వ్యాపిస్తుందని పాస్కల్ పదిహేడవ శతాబ్దంలో చెప్పిన సూత్రమే దీనికి ఆధారం. ఈ జాతిలో సవరించవలసిన స్థానమంటూ ఏదీ లేదు. అయితే దానిని విప్పితే నూనె కారుతుంది, గొట్టంలో గాలి చేరుతుంది. ఆ గాలిని మరల వెళ్ళగొట్టనిదే కారు కదపరాదు. ఆ నూనె రంగు మీద పడితే రంగును తినివేస్తుంది కూడా.

రెండవ జాతి పెడలుకు ఎదురుగా, ఇనుప పట్టీకి మరచుట్లతో బిగించి ఉండేది. 1983 డిసెంబరులో బయలుదేరిన మారుతి 800లో ఉన్నది ఇదే. ఆ తొలి కార్లు నేడు నలభై యేండ్లు దాటి పురాతన వాహనాల పంక్తిలో కూర్చునే వయసుకు వచ్చినవి. పాఠకులలో పెక్కుమంది నాన్నగారో మామయ్యగారో మొదట కొన్న కారు కూడా అదే కావచ్చును. కావున ఈ జాతిని గురించియే కొంత విస్తరించి చెబుతాను.

దీని పనితీరులో ఒక తిరకాసు ఉన్నది. ఇంటి గుమ్మంలోని గంట నొక్కితే మ్రోగుతుంది, వదలితే ఆగుతుంది. ఇది అందుకు విరుద్ధం. పెడలు విశ్రాంతిగా ఉన్నంతసేపూ స్విచ్చి పిన్నును నొక్కి ఉంచుతుంది. ఆ నొక్కుడు వల్లనే దీపం ఆరి ఉంటుంది. పాదం మోపగానే పెడలు ముందుకు పోతుంది, పిన్ను స్ప్రింగు బలంతో బయటికి వస్తుంది, అప్పుడు దీపం వెలుగుతుంది. మన భాషలో 'రాకపోడు' అన్నప్పుడు రెండు వ్యతిరేకాలు కలిసి 'వస్తాడు' అయినట్లు, నొక్కినదానిని వదలడమే ఇక్కడ పలకడం. ఈ ఏర్పాటులో ఒక లాభం లేకపోలేదు. స్విచ్చి సడలి వెనుకకు జారినదనుకోండి. దీపం ఆరిపోదు, వెలుగుతూనే ఉంటుంది. మూగతనం కంటె వదరుబోతుతనం మేలని తలచారు కాబోలు.

అయితే ఎల్లవేళలా వదరేవాని మాటకు విలువ ఉండదు. ఎప్పుడూ ఎర్రగా వెలుగుతున్న దీపాన్ని కిలోమీటరు దూరం చూసిన వెనుకవాడు దానిని లెక్కచేయడం మానివేస్తాడు. నిజంగా ఆగినప్పుడు కొత్తగా చెప్పడానికి ఏమీ మిగలదు. బ్యాటరీకీ నష్టమే. 21 వాట్ల బల్బులు రెండు కలిసి 42 వాట్లు. 12 వోల్టులతో భాగిస్తే మూడున్నర ఆంపియర్లు. పెక్కు కార్లలో తాళంచెవి తీసినా ఈ దీపాలకు విద్యుత్తు అందుతూనే ఉంటుంది గనుక, 35 ఆంపియర్ గంటల బ్యాటరీ సాయంకాలం నిండుగా ఉన్నా తెల్లవారేసరికి చచ్చి ఊరుకుంటుంది. మా కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న మిత్రుని కారుకు ఇదే జరిగింది. ఆయన బ్యాటరీ మార్చారు; మూడవనాడు మరల అదే కథ. స్విచ్చి మార్చారు, దీపం ఆరలేదు. చివరకు పాదాల వద్ద పరచిన చాప దులుపుతుంటే నల్లని రబ్బరు పొడి రాలింది. పెడలు పట్టీకి ఉన్న చిల్లులో చిన్న రబ్బరు దిమ్మ ఒకటి ఉంటుంది. స్విచ్చి పిన్ను ఆనేది దానికే. యేండ్ల తరబడి ఎండకూ వేడికీ అది పెళుసెక్కి పొడి అయిపోయింది. పిన్ను ఖాళీ చిల్లులో దూరి నిరాటంకంగా నిలబడి ఉన్నది. ఎంతో కొద్ది వెలగల ఆ ముక్కను గుర్తించేలోగా ఆయనకు బ్యాటరీ ఖరీదు ముట్టింది. స్విచ్చిని అనుమానించే ముందు ఆ దిమ్మను చేతితో తడిమి చూడవలెనని అప్పటి నుండి ఆయన కనబడిన ప్రతివానికీ చెబుతున్నారు.

ఇక మార్చడం సంగతి. ముందుగా బ్యాటరీ ఎర్తు తీగను విప్పాలి. పిమ్మట శరీరాన్ని తలక్రిందులుగా సీటు క్రింద దూర్చవలసి ఉంటుంది. ఇది యాభై దాటినవారికి శవాసనం కంటె కష్టమైన ఆసనం. స్విచ్చి వెనుకనున్న రెండు తీగల సాకెట్టును మొదట లాగివేయాలి. లేకుంటే స్విచ్చి త్రిప్పినకొద్దీ తీగలు మెలిపడి తెగుతాయి. పాతదానిని విప్పే ముందు పట్టీకి ఈవలి వైపు మరచుట్లు ఎన్ని కనిపిస్తున్నవో లెక్కపెట్టుకొంటే కొత్తదానికి సుమారు స్థానం దొరుకుతుంది. తరువాత పానాతో చెక్ నట్టును సడలించి చేతితో త్రిప్పుతూ తీయాలి. కొత్తది బిగించడం ఇదే క్రమంలో వెనుక నుండి ముందుకు. ఇంతవరకు పని ఎవరైనా చేయగలరు. స్థానం కుదర్చడంలోనే అసలు విద్య ఉన్నది.

పెడలును చేతితో పైకి లాగి పట్టుకోవాలి. అప్పుడు పిన్ను లోపలికి పోయి, స్విచ్చి మరల కొనకూ రబ్బరు దిమ్మకూ నడుమ సన్నని సందు మిగలాలి. ఎంత అన్నది కారును బట్టి దాని పుస్తకంలో ఉంటుంది. సాధారణంగా ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. ఫీలర్ గేజి లేనివారు బ్యాంకు కార్డును వాడుకోవచ్చును, దాని మందం 0.76 మిల్లీమీటరు. సందు మరీ ఎక్కువైతే పిన్ను పూర్తిగా నొక్కుకోదు. గతుకుల రోడ్డు మీద పెడలు అదిరినప్పుడల్లా దీపం మిణుకుమంటుంది. ఇది అసహ్యం గాని ప్రాణాంతకం కాదు. సందు లేకుండా స్విచ్చిని ముందుకు బిగించడం మాత్రం వేరు సంగతి.

కొందరు మెకానిక్కులు తొందరలో చేసే పని అదే. దీపం ఆరింది గదా అని సంతృప్తిపడి మరొక చుట్టు త్రిప్పి బిగిస్తారు. ఇప్పుడు స్విచ్చి పెడలును సందు మేర ముందుకు నెట్టి ఉంచింది. అంటే చోదకుని పాదం లేకుండానే బ్రేకు పెడలు కొద్దిగా తొక్కబడి ఉన్నది. మాస్టరు సిలిండరులో పిస్టను పూర్తిగా వెనుకకు వచ్చినప్పుడే తెరచుకొనే సన్నని రంధ్రం ఒకటి ఉంటుంది. బ్రేకుల వేడికి వ్యాకోచించిన నూనె ఆ రంధ్రం గుండా డబ్బాలోకి తిరిగి పోవాలి. పిస్టను పూర్తిగా రాకపోతే రంధ్రం తెరచుకోదు. నూనెకు దారి లేదు. దారి లేని నూనె బ్రేకులనే ఒత్తుతుంది, ఒత్తినకొద్దీ వేడి, వేడికి మరింత ఒత్తిడి. కారు ఎవరో వెనుక నుండి పట్టి లాగుతున్నట్లు బరువెక్కుతుంది. ముదిరితే నూనె మరిగి ఆవిరి పుడుతుంది. ఆవిరి ద్రవం వలె కాక ఒత్తితే అణగిపోయేది గనుక పెడలు నేలకు దిగిపోతుంది, బ్రేకు పడదు. వెనుకవానిని కాపాడవలసిన స్విచ్చి ముందువానిని చంపగలిగే సందర్భం ఇదొక్కటే. అందుచేత చెక్ నట్టు బిగించిన తరువాత సందును మరల కొలవాలి. నట్టు బిగింపులోనే స్విచ్చి అర చుట్టు తిరిగిపోవడం పరిపాటి.

పరీక్షకు ఇద్దరు కావాలి. చోదకుడు లోపల, ఒక కుర్రవాడు వెనుక. పెడలు మీద కేవలం పాదం బరువు ఆనించి 'వెలిగిందా?' అని అడగాలి. పూర్తిగా తొక్కి అడగడం పరీక్ష కాదు. పెడలు కొద్దిపాటి కదలికకే, బ్రేకు పట్టుకోబోయే ముందుగానే, దీపం పలకాలి. ఒంటరివారు చీకటి పడ్డాక కారును సున్నం కొట్టిన గోడకు వెనుకగా నిలిపి అద్దంలో గోడ ఎర్రబడుతున్నదేమో చూసుకోవచ్చును. ఒకవైపే వెలిగితే స్విచ్చిని నిందించరాదు, అది బల్బు తప్పు. బల్బులో దారిదీపానికి 5 వాట్ల తీగ, బ్రేకుకు 21 వాట్ల తీగ వేరువేరుగా ఉంటాయి. అవి తారుమారు కాకుండా దాని రెండు మేకులను ఎత్తుపల్లాలుగా అమర్చారు. బలవంతంగా దూర్చేవారికి మాత్రం ఆ ఉపాయం పనిచేయదు.

ఇటీవలి కార్లలో ఈ స్విచ్చి తన స్థానాన్ని పళ్ళపట్టీ సాయంతో తానే కుదర్చుకొంటుంది. దీపంతో బాటు కారులోని కంప్యూటరుకు కూడా వార్త అందజేస్తుంది. పాతకార్ల వారికి ఆ భాగ్యం లేదు. కొత్త రబ్బరు దిమ్మ అణగి సర్దుకొనే గుణం కలది కనుక, వారం తిరిగాక వారు మరొకసారి ఆ చీకటి మూలలో తల దూర్చి సందు కొలిచి చూసుకోవలసి ఉంటుంది. అయిదారు కిలోమీటర్లు నడిపి, కారు ఆపి, నాలుగు చక్రాల వద్ద అరచేతిని తాకీ తాకనట్లు ఉంచి, ఏదైనా తక్కినవాటికంటె వేడిగా ఉన్నదేమో కనిపెట్టాలి.