సర్వర్ పలికే మూడంకెలు

మొబైల్ ఫోన్‌లోని యాప్ తనంతట తానుగా చేసే పని చాలా తక్కువ. వేలు ఒక బటన్‌ను తాకగానే అది ఎక్కడో ఉన్న సర్వర్‌కు అభ్యర్థన పంపి, వచ్చిన ప్రత్యుత్తరాన్ని విప్పి చదివి, అందులోని సమాచారాన్ని తెర మీద అమర్చుతుంది. ఆ ప్రత్యుత్తరంలో ముందుగా మూడంకెల సంఖ్య ఒకటి, దాని వెంట లోపలి సరుకు ఏ రకానిదో, ఎంత ఉందో తెలిపే హెడర్లు, చివరగా బాడీ అనే అసలు సరుకు ఉంటాయి. తెర ఖాళీగా నిలిచిపోయినప్పుడు దానిని సరిచేయవలసిన ప్రోగ్రామర్ మొట్టమొదట చూసేది ఆ సంఖ్యనే: 200 అయితే అడిగినది అందిందని, 404 అయితే అడిగినది అక్కడ లేదని, 500 అయితే సర్వర్ లోపలే ఏదో చెడిందని అర్థం. స్మార్ట్‌ఫోన్ కంటే, వెబ్ కంటే కూడా పాతదైన ఈ మూడంకెల పద్ధతి 1970ల తొలి సంవత్సరాలలో అమెరికాలో రూపు దిద్దుకున్నది.

అమెరికా రక్షణశాఖకు చెందిన ఆర్పా సంస్థ నిధులతో 1969లో ప్రారంభమైన ఆర్పానెట్‌లో వేర్వేరు సంస్థలు తయారుచేసిన, ఒకదాని పద్ధతి మరొకదానికి తెలియని కంప్యూటర్లు ఉండేవి కనుక, వాటి మధ్య ఫైళ్లు పంపుకోవాలంటే అన్నిటికీ సమ్మతమైన నియమావళి, అనగా ప్రోటోకాల్, అవసరమైంది. ఎఫ్‌టీపీ అని పేరు పొందిన ఆ నియమావళి మొదటి ముసాయిదాను 1971 ఏప్రిల్‌లో రాసినవారు అభయ్ భూషణ్; కాన్పూర్ ఐఐటీ తొలి బ్యాచ్‌లో చదివి 1965లో పట్టా పుచ్చుకున్న ఆయన అప్పటికి మసాచుసెట్స్‌లోని ఎంఐటీలో పనిచేస్తున్నారు. 1972 జూలై నాటి సవరణలో సర్వర్ ఇచ్చే జవాబు మూడంకెల సంఖ్యగానూ, దాని వెనుక మామూలు ఇంగ్లీషులో ఒక పంక్తిగానూ కనిపిస్తుంది. సంఖ్య ప్రోగ్రామ్ కోసం, పంక్తి టెర్మినల్ ముందు కూర్చున్న మనిషి కోసం. ఒకే జవాబుకు ఇద్దరు పాఠకులు ఉంటారని, వారి అవసరాలు వేరని గుర్తించి ఇద్దరికీ విడివిడిగా చోటు కేటాయించడంలోనే ఈ కల్పన గొప్పతనం ఉన్నది. మాటలు ఒక్కో సర్వర్‌లో ఒక్కో తీరుగా మారినా సంఖ్య మారదు కనుక, ప్రోగ్రామ్ ఇంగ్లీషు వాక్యాన్ని విడమరచుకోవలసిన పని తప్పింది.

ఆ సంఖ్యలకు స్థిరమైన వ్యాకరణం 1974 జూన్‌లో జాన్ పోస్టెల్ తదితరులు చేసిన సవరణతో ఏర్పడింది. మొదటి అంకె 1 అయితే పని మొదలైంది, 2 అయితే పూర్తయింది, 3 అయితే ముందుకు సాగడానికి ఇంకొకటి కావాలి, 4 అయితే ప్రస్తుతానికి కాలేదు, 5 అయితే ఎన్నిసార్లు అడిగినా కాదు. రెండవ అంకె విషయం ఏ కోవకు చెందినదో చెబుతుంది: 3 అయితే లాగిన్ వ్యవహారం, 5 అయితే ఫైళ్ల వ్యవహారం. ఆ విధంగా 331 అంటే పేరు సరే, సంకేతపదం కావాలని, 530 అంటే లాగిన్ కాలేదని, 550 అంటే ఫైలు దొరకదని ఒక్కొక్క అంకెనూ కూడబలుక్కుని చదవవచ్చు. ఆ సంఖ్యను ముందెన్నడూ చూడని ప్రోగ్రామ్ సైతం మొదటి అంకెను బట్టి ఏమి చేయాలో నిర్ణయించుకోగలదు. 1982లో పోస్టెల్ రాసిన ఎస్‌ఎమ్‌టీపీ అనే ఈమెయిల్ నియమావళి ఇదే వ్యాకరణాన్ని స్వీకరించింది. అవతలి సర్వర్ 4తో మొదలయ్యే సంఖ్య చెబితే ఉత్తరం వరుసలో ఆగి కొంతసేపటికి మళ్లీ బయలుదేరడం, 5తో మొదలయ్యేది చెబితే పంపినవారికే తిరిగిరావడం నేటికీ దాని ప్రకారమే జరుగుతున్నాయి.

జెనీవా సమీపంలోని సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ 1991 నాటికి నిర్మించిన తొలి వెబ్‌లో ఈ సంఖ్యలు లేవు. అడిగిన పేజీ ఉంటే ఆ పేజీ వచ్చేది, లేకపోతే లేదని రాసిన మరొక పేజీ వచ్చేది; చదివే మనిషికి తేడా తెలిసేది గాని, బ్రౌజర్‌కు రెండూ ఒకటే. ఆ కొరతను మరుసటి సంవత్సరమే గుర్తించి మూడంకెలను తెచ్చుకున్నారు. 1996 మేలో బెర్నర్స్-లీ, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అర్వైన్ శాఖకు చెందిన రాయ్ ఫీల్డింగ్, హెన్రిక్ ఫ్రిస్టిక్ నీల్సన్ కలిసి వెలువరించిన హెచ్‌టీటీపీ 1.0 అనే వెబ్ నియమావళి పత్రంలో అవి స్థిరపడ్డాయి. అయితే వలసలో అర్థం మారింది. ఎఫ్‌టీపీలో 4కు, 5కు మధ్య భేదం కాలానికి సంబంధించినది, మళ్లీ అడగవచ్చా లేదా అన్నది. హెచ్‌టీటీపీలో అది తప్పు ఎవరిదన్న భేదమైంది, 4 అయితే అడిగినవారిది, 5 అయితే సర్వర్‌ది. లేని ఫైలుకు అక్కడ 550, ఇక్కడ 404 రావడానికి కారణం ఇదే. తప్పు ఎవరిదో తెలియడం మరమ్మతు చేసేవారికి మేలే, కాని సిగ్నల్ వచ్చిపోతూ ఉండే ఫోన్‌లోని యాప్‌కు మొదట కావలసింది మళ్లీ ప్రయత్నించాలా వద్దా అన్న పాత ప్రశ్నకు జవాబు. అది మొదటి అంకెలో దొరకదు కనుక, 503 వస్తే ఎంతసేపు ఆగాలో తెలిపే రిట్రై-ఆఫ్టర్ హెడర్‌ను, అభ్యర్థనలు మితిమీరాయని చెప్పడానికి 2012లో చేర్చిన 429ను విడివిడిగా గుర్తుపెట్టుకోవలసి వస్తున్నది.

సంఖ్య సరిగా ఉన్నంత మాత్రాన సరుకు సరిగా ఉండదు. నేటి యాప్‌లకు బాడీ ఎక్కువగా జేసన్ రూపంలో వస్తుంది. పేరు, దాని విలువ జతలు జతలుగా మీసాల కుండలీకరణాల మధ్య రాసే ఈ పద్ధతిని 2001లో కాలిఫోర్నియాలో డగ్లస్ క్రాక్‌ఫర్డ్, చిప్ మార్నింగ్‌స్టార్ వాడుకలోకి తెచ్చారు. మార్నింగ్‌స్టార్ ఇంటి గ్యారేజీ నుంచి ఆ ఏప్రిల్‌లో పంపిన మొట్టమొదటి సందేశమే విఫలమైంది, ఎందుకంటే అందులో ఒక జతకు పేరుగా పెట్టిన ‘డు’ అనే మాట జావాస్క్రిప్ట్ భాష తన కోసం కేటాయించుకున్న మాట. అటువంటి మాటలన్నిటినీ ఏకరువు పెట్టి నిషేధించే బదులు, పేర్లన్నిటినీ ఉద్ధరణ చిహ్నాలలో ఉంచాలని వారు నియమించారు. ఈనాడు ప్రతి జేసన్ ప్రత్యుత్తరంలో కనిపించే ఆ చిహ్నాలు ఒక డీబగ్గింగ్ ఫలితం.

యాప్‌ను తరచుగా పడగొట్టే లోపం సంఖ్యకు, సరుకుకు పొంతన లేకపోవడం. సర్వర్ ముందు నిలిచే మరొక యంత్రం ‘ఇప్పుడు సేవ అందుబాటులో లేదు’ అని మనిషి చదివే హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీని తయారుచేసి, పైన 200 అని ముద్ర వేసి పంపిందనుకుందాం. యాప్ 200 చూసి నమ్మి బాడీని జేసన్‌గా చదవబోతుంది; హెచ్‌టీఎమ్‌ఎల్ ‘<’ గుర్తుతో మొదలవుతుంది, జేసన్ మాత్రం ఎన్నడూ ఆ గుర్తుతో మొదలు కాదు కనుక, మొదటి అక్షరం దగ్గరే చదువు ఆగిపోతుంది. దోషసూచన ఆ గుర్తును తప్పుపడుతుంది గాని, అసలు దోషం హెడర్లకు పైన ఉన్న సంఖ్యలో ఉన్నది. 1991 నాటి వెబ్‌లో ఉండిన కొరతే ఇది.

ఇటువంటి దానిని కనిపెట్టాలంటే యాప్ చెప్పేది వినడం కాక, తీగ మీద వచ్చినదానిని వచ్చినట్టే చూడాలి. ప్రోగ్రామర్ తన ల్యాప్‌టాప్‌లో ప్రాక్సీ అనే మధ్యవర్తిని నడిపి, ఫోన్ మాటలన్నీ దాని గుండా పోయేటట్టు అమర్చుతాడు. హెచ్‌టీటీపీఎస్ రక్షణ వలన ఆ మాటలు గుప్తంగా ఉంటాయి కనుక, ప్రాక్సీ ఇచ్చే ధ్రువపత్రాన్ని ఫోన్‌లో చేర్చాలి. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి, వినియోగదారు చేర్చిన అటువంటి పత్రాన్ని యాప్‌లు తమంతట తాముగా నమ్మవు, కాబట్టి పరీక్ష కోసం తయారుచేసే ప్రతిలో దానిని నమ్మమని ప్రత్యేకంగా రాయాలి. అడ్డంకిగా తోచినా ఇది అవసరమైన రక్షణే, ఎందుకంటే ప్రోగ్రామర్‌కు తెరుచుకునే తలుపు దొంగకు కూడా తెరుచుకుంటుంది.

2015లో వచ్చిన హెచ్‌టీటీపీ 2, సంఖ్య వెనుక ఉండే ఇంగ్లీషు పంక్తిని తొలగించింది. 1972లో మనిషి కోసం కేటాయించిన చోటు అలా పోగా, దోషం పేరు, వివరణ జేసన్‌లో ఎలా రాయాలో తెలిపే ఒక పత్రం 2016లో వెలువడింది. సంఖ్యతో పాటు దానిని కూడా పాటించే సర్వర్ నుంచి వచ్చిన దోషాన్ని యాప్, మనిషి ఇద్దరూ చదవగలరు. పాటించని సర్వర్ల సంగతి తెలిసే కాబోలు, ఫోన్ తయారీదారులు తమ జాగ్రత్తలో తాము ఉంటారు. హోటల్ వైఫైకి కలిసిన ఆండ్రాయిడ్ ఫోన్ ముందుగా గూగుల్ సర్వర్‌కు గుప్తత లేని చిన్న అభ్యర్థన ఒకటి పంపి, 204 కోసం, అనగా సఫలమైంది గాని బాడీ ఏమీ లేదన్న జవాబు కోసం ఎదురుచూస్తుంది. హోటల్ యంత్రం మధ్యలో అందుకుని, గది సంఖ్య అడిగే పేజీని 200 అంటూ పంపినా, దారి మళ్లించే 302 పంపినా అది 204 కాదు కనుక, ఇంటర్నెట్ ఇంకా తెరుచుకోలేదని ఫోన్ గ్రహించి వైఫై గుర్తు పక్కన ఆశ్చర్యార్థకం చూపుతుంది.