దూదిలోని దాగిన వరుసలు

గుంటూరు పట్టణమందలి బ్రాడీపేటలో ఇల్లు వెదకుట కష్టము కాదు. లైను సంఖ్యయు, అడ్డరోడ్డు సంఖ్యయు తెలిసిన చాలును. కొత్తవాడైనను తిన్నగా గుమ్మము ముందుకు చేరగలడు. ముందుగా కాగితముపై పటము గీయనిదే అట్టి పేట ఏర్పడదు. క్రమము కనిపించినచోట దానిని ఏర్పరచిన చేయి ఒకటి ఉండవలెనని మనకు తోచుట సహజము. అయితే పటము గీయువాడు గాని, పని చేయించు మేస్త్రీ గాని లేకయే వరుసలు తీరు పదార్థములు ప్రకృతిలో ఎన్నో కలవు. ఆ పేట చుట్టునున్న నల్లరేగడి భూములలో పండు పత్తి వానిలో ఒకటి.

గింజ నుండి ఒక దూది పోగును విడదీసి చూడుడు. పొడవు 25 నుండి 30 మిల్లీమీటర్లు, వెడల్పు మిల్లీమీటరులో ఏబదవ వంతు. ఇంత పొడవైనను అది ఒకే ఒక జీవకణము. పూవు విచ్చుకొన్ననాడే గింజ పైపొర నుండి మొలకెత్తి, సుమారు మూడు వారములు పొడవు సాగును. తరువాత దాని గోడ లోపలివైపు దళసరి ఎక్కును. కాయ పగులునాటికి, అనగా సుమారు 45, 50 దినములకు, పోగు బరువులో నూటికి తొంబదిపాళ్లకు మించి సెల్యులోజ్ అను పదార్థమే ఉండును.

సెల్యులోజ్ అనగా వేలకొలది గ్లూకోజ్ ఖండములు ఒకదానికొకటి తగుల్కొని ఏర్పడిన గొలుసు. ఈ గొలుసులను అల్లు యంత్రములు జీవకణపు పైపొరలో ఉన్నవి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో అవి ఆరు రేకుల పూవువలె కనిపించును. ఒక్కొక్క పూవు నుండి సుమారు 18 గొలుసులు పక్కపక్కన బయటికి వచ్చును. ఇంతవరకు జరిగినది జీవకణము తన శక్తిని వ్యయము చేసి చేయించిన పని. కాని బయటపడిన గొలుసులను కట్టగా కట్టువారు లేరు. ఒక గొలుసుపై నున్న ఉదజని పరమాణువులు ప్రక్క గొలుసులోని ఆమ్లజని పరమాణువులను ఆకర్షించును. గొలుసులు దగ్గరకు జరిగి, సరిగా ఒదిగి, సన్నని కట్టగా నిలుచును. దాని మందము 3, 4 నానోమీటర్లు మాత్రమే. మీటరులో వందకోట్ల వంతు ఒక నానోమీటరు. ఇట్లు తమ ఆకారమును బట్టియు, పరస్పరాకర్షణను బట్టియు చిన్న భాగములే పెద్ద నిర్మాణముగా అమరుటను స్వయంకూర్పు అందురు.

ఇది రైతునకు సంబంధములేని సంగతి కాదు. గోడ చాలినంత దళసరి ఎక్కకముందే కాయ ఎండిపోయినచో పోగు బలహీనమగును, రంగు సరిగా పట్టదు. అద్దిన బట్టమీద తెల్లని చుక్కలుగా తేలును. పత్తి కొనువారు పోగు పొడవుతోపాటు మైక్రోనేరు అను కొలతను కూడ చూచుట ఇందుకే. దూదిలోనికి గాలి ఎంత సులభముగా చొచ్చునో చూచి, పోగు సన్నదనమును, పక్వతను కలిపి ఆ కొలత తెలుపును. రైతు చేతికి వచ్చు ధరలో కంటికి కనబడని ఈ కట్టల వంతు కూడ ఉన్నదన్నమాట.

ఇక ప్రయోగశాలకు పోదము. పోగులో సెల్యులోజ్ గొలుసులు కొన్నిచోట్ల గట్టిగా ఒదిగి, కొన్నిచోట్ల వదులుగా ఉండును. గాఢమైన గంధకికామ్లములో కొంతసేపు వేడిచేసినచో వదులు భాగములు ముందుగా కరగిపోయి, ఒదిగిన భాగములు సన్నని కడ్డీలుగా మిగులును. 1950 ప్రాంతమున స్వీడను శాస్త్రజ్ఞుడు బెంగ్ట్ రాన్‌బీ ఈ మార్గమును చూపెను. పత్తి నుండి వచ్చు కడ్డీల పొడవు ఇంచుమించు 100 నుండి 300 నానోమీటర్లు. మందము పది నానోమీటర్లకు అటుయిటు. ఇవియే నానోరేణువులు. ఆమ్లము వీని పైభాగమున ఋణ విద్యుదావేశమును మిగుల్చును. అందుచే ఇవి ఒకదానినొకటి నెట్టుకొనుచు, ముద్దకట్టక నీటిలో తేలియాడును.

ఆ నీరు పలుచగా ఉన్నంతకాలము కడ్డీలు నలుదిక్కులకు తిరిగి ఉండును. నీరు ఇగిరి చిక్కబడినకొద్ది ఒక వింత జరుగును. కడ్డీలన్నియు ఒకే దిక్కునకు తిరిగి బారులు తీరును. ద్రవమై యుండియు స్ఫటికమువంటి వరుస కలిగియుండు ఈ స్థితిని, అనగా ద్రవస్ఫటికమును, సెల్యులోజ్ కడ్డీలయందు 1959లో రాబర్ట్ మార్షెసో, ఆయన సహచరులు ప్రకటించిరి.

వరుస ఎందుకు కలిగినది? నీటి అణువుల తాకిడికి ప్రతి కడ్డీయు ఎడతెగక కదలుచుండును. ఇరుకైనచోట అడ్డదిడ్డముగా పడియున్న కడ్డీ తాను కదలలేదు, ఇతరులను కదలనీయదు. ఒకే దిక్కునకు తిరిగినచో తిరుగు స్వేచ్ఛ కొంత పోవును గాని, జారుటకు చోటు ఎక్కువ దొరకును. పోయినదానికంటె వచ్చినది హెచ్చు. కావున పైకి క్రమముగా కనబడునది నిజమునకు రేణువుల మొత్తపు స్వేచ్ఛను పెంచు మార్గమే. 1949లో లార్స్ ఆన్‌సాగర్ దీనిని లెక్కకట్టి నిరూపించెను. క్రమమన్న కట్టుబాటేయని తలచు విద్యార్థికి ఈ ఒక్క విషయము బోధపరచుటకు ఒక పూర్తి పీరియడు వెచ్చించినను నష్టము లేదు.

బారులు తీరుటతో కథ ఆగలేదు. 1992లో కెనడాలో రెవోల్, డెరెక్ గ్రే మొదలగువారు మరొక సంగతి గమనించిరి. ఒక వరుసపై మరొక వరుస కొద్దిగా పక్కకు తిరిగి, మెట్లచుట్టువలె మెలికగా పేర్చుకొనుచున్నవి. ఆ మెలిక ఎల్లప్పుడు ఎడమవైపునకే. నీరంతయు మెల్లగా ఆరనిచ్చినచో పలుచని రేకు మిగులును. మెలిక చుట్టు కొన్ని వందల నానోమీటర్లకు, అనగా కాంతి తరంగపు పొడవునకు సరిపడినచో, ఆ రేకు నీలముగనో, పచ్చగనో, ఎఱ్ఱగనో మెరయును. తెల్లని దూది నుండి వచ్చిన పదార్థమునకు రంగుమందు చుక్క కలుపకయే రంగు వచ్చినది! 2010లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమునందు మార్క్ మక్లాక్లన్ బృందమువారు ఈ మెలికల నడుమ సిలికాను పేరనిచ్చి, పిమ్మట సెల్యులోజ్‌ను కాల్చివేసిరి. కడ్డీలు పోయినవి, వాని అమరిక మాత్రము గాజులో నిలిచి రంగులీనెను.

'స్వయం' అను మాట కొంత తప్పుదారి పట్టించును. చేయి ప్రతి కడ్డీని ఎత్తి పెట్టదు, నిజమే. కాని పరిస్థితులను కూర్చవలసినది మనమే. నీటిలో ఉప్పు ఎక్కువ కలిపినచో ఆవేశము మరుగుపడి కడ్డీలు ముద్దకట్టును. ఆరుట తొందరయైనచో సర్దుకొనుటకు వ్యవధి చాలక వరుసలు చెదరును. ఒకసారి తప్పుగా అతుకుకొన్న రేణువు విడివడి మరల సరిగా చేరుటకు వీలుండవలెను. రసాయనికుని నేర్పు అంతయు ఇందే యున్నది.

గాఢ గంధకికామ్లముతో తరగతిలో పని పెట్టుకొనరాదు. కొబ్బరి ఈనెలను రెండంగుళముల ముక్కలుగా కోసి, అడుగు చదునైన పళ్లెములో పది వేసి అటునిటు ఊపుడు. ఎటుపడిన అటు ఉండును. ముక్కలను పెంచుచు, ఒకదానిపై ఒకటి ఎక్కకుండ అడుగు నిండువరకు వేసి, అట్లే ఊపుచుండుడు. కొంతసేపటికి గుంపులు గుంపులుగా ఒకే దిక్కునకు తిరుగును. ఎన్ని ముక్కలు వేసినప్పుడు వరుస మొదలైనదో విద్యార్థులచే వ్రాయించుడు. పిదప ముక్కల పొడవును సగము చేసి మరల లెక్కింపజేయుడు. పొట్టి ముక్కలు వరుస తీరుటకు మరింత ఇరుకు కావలసి వచ్చును.