మంత్రిధర్మము – మిత్రధర్మము

సహచరుడు కష్టమున జిక్కినపుడు మంత్రి యాతని నెట్లు ఆదుకొనవలెను? 1956వ సంవత్సర మందుకు చక్కని నిదర్శనము.

ఆ సెప్టెంబరులో నాటి హైదరాబాదు రాష్ట్రమందలి మహబూబునగరము చెంత వంతెన కూలి, రైలు ప్రమాదమున నూర్గురకు పైగా మృతినొందిరి. రైల్వేమంత్రి లాల్‌బహదూర్ శాస్త్రిగారు రాజీనామా నొసగగా ప్రధాని నెహ్రూగారు అంగీకరింపరైరి. నవంబరులో అరియలూరు దుర్ఘటన సంభవించెను. శాస్త్రిగారు మరల రాజీనామా నొసగిరి. ఈ మారు నెహ్రూగారు దానిని స్వీకరించిరి. కాని శాస్త్రిగారు స్వయముగా దోషులు కారనియు, రాజ్యాంగ మర్యాద నిలుచుటకే స్వీకరించితిమనియు పార్లమెంటులో తెలిపి, వారి శీలమును కొనియాడిరి. 1957లో వారిని మరల మంత్రివర్గమున చేర్చుకొనిరి.

పదవిని నిలుపకున్నను పరువును నిలిపిరి. ప్రజలకు జవాబుదారితనము, సహచరునకు గౌరవము రెండును దక్కినవి. తప్పును కప్పిపుచ్చుటయే స్నేహమని తలచు అధికారులెల్లరు దీనిని స్మరింతురుగాక!