కంటైనర్‌లో రొయ్యకో కొలత, కూరలో రొయ్యకో కొలత

ఏ దేశంతోనైనా వాణిజ్య ఒప్పందం కుదిరిందని టీవీలో వస్తే చాలు, మా భీమవరం వైపు ఫోన్లు మోగిపోతాయి. అందరిదీ ఒకటే ప్రశ్న: "సుంకం ఎంత తగ్గిందంట?" 2025 జులై 24న బ్రిటన్‌తో సంతకాలైన రోజూ అదే అడిగారు. రొయ్య మీద సుంకం పోతుందని విని సంబరపడ్డారు. నెల తిరగకుండానే అమెరికా మన సరుకు మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లేసరికి డీలా పడ్డారు. తప్పు పట్టడానికేం లేదు, రొయ్య రైతుకు రేటే ప్రాణం. నేను మాత్రం ఒప్పందం అనగానే అందులో వేరే అధ్యాయం వెతుక్కుంటాను. ఎగుమతి ప్లాంటు ల్యాబులో కెమిస్టుగా పనిచేసి రిటైరైనదాన్ని. నా ఉద్యోగమంతా మైక్రోగ్రాములతోనే గడిచింది.

నేను వెతికే అధ్యాయం పేరు శానిటరీ, ఫైటోశానిటరీ చర్యలు. పేరు నోరు తిరగదు గానీ సంగతి తేలికే. మనుషుల, పశువుల, పైర్ల ఆరోగ్యం కోసం ఒక దేశం బయటి సరుకుకు పెట్టే షరతులవి. దాని పక్కనే ఇంకో అధ్యాయం ఉంటుంది. పిల్లల బొమ్మలు, కరెంటు సామాన్లు లాంటి వస్తువుల ప్రమాణాలు అందులో వస్తాయి. సుంకం సరుకు ధరను మారుస్తుంది. ఈ అధ్యాయాలు సరుకు అసలు లోపలికి రావచ్చో లేదో తేలుస్తాయి. సుంకం సున్నా అయినా సరే, పరీక్షలో ఫెయిలైతే కంటైనర్ వెనక్కి రావాల్సిందే, లేదంటే అక్కడే తగలబెట్టేస్తారు.

యూరప్ నిబంధన ఎలా ఉంటుందో చెబుతాను. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే యాంటీబయాటిక్స్ మనం తినే జీవాల్లో అస్సలు ఉండకూడదు. మొదటిది ఒకప్పుడు టైఫాయిడ్‌కు మనకే రాసేవారు. అరుదుగానైనా ఎముక మజ్జను దెబ్బతీస్తుందని తేలింది. రెండోవాటి మీద క్యాన్సర్ అనుమానం ఉంది. ఇంత వరకు ఫరవాలేదు అనే మోతాదు వీటికి లేదు కాబట్టి నిషేధమే. అయితే కాగితం మీద "అస్సలు" అని రాయడం తేలిక, ల్యాబులో అస్సలు అనే అంకె ఉండదు. యంత్రం ఎంత చిన్నది చూడగలదో అదే హద్దు అవుతుంది. నైట్రోఫ్యూరాన్లకు ఆ హద్దు చాలాకాలం కిలోకు 1 మైక్రోగ్రాము. 2022 నవంబరు 28 నుంచి దాన్ని సగం చేసి 0.5కి తెచ్చారు. క్లోరాంఫెనికాల్‌ను 0.3 నుంచి 0.15కి దించారు. 0.5 అంటే ఎంతో లెక్క కట్టి చూడండి: పది టన్నుల లారీలు వంద వరసగా నిలబెడితే ఆ మొత్తం రొయ్యలో అర గ్రాము.

ఆ రాత్రి చెరువులో రొయ్య మారలేదు, మేత మారలేదు. హద్దు మాత్రం మారింది. ఆ మార్పును మాతో కూర్చుని బేరమాడిన వాళ్లెవరూ లేరు. యూరప్ తన జనం కోసం తను రాసుకుంది, సరుకు అమ్ముకోవాలంటే మనం పాటించాలి. 2016 నుంచైతే మన చెరువు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో సగానికి సగం అక్కడి రేవుల్లో శాంపిల్ తీసి చూడాలని యూరోపియన్ కమిషన్ ఆదేశం. అంతకుముందు అది పది శాతమే. శాంపిల్ రిజల్ట్ వచ్చేదాకా సరుకు కోల్డ్ స్టోరేజిలో కూర్చుంటుంది, అద్దె మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఏ సుంకం పట్టికలోనూ కనబడని ఖర్చు ఇది.

అందుకే పట్టుబడికి ముందే చెరువు శాంపిల్ తెచ్చి, ఈ మందుల జాడ పట్టే ఎలైజా పరీక్ష చేయించే పద్ధతి వచ్చింది. సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడా ల్యాబు నుంచి కాగితం ఉంటేనే యూరప్‌కు పోయే సరుకును ప్లాంటు తీసుకోవాలి. ఫెయిలైన రైతు నేరుగా మా మీదికే వచ్చేవాడు. "ఏంటమ్మా, పాజిటివ్ అంటారేంటి? నా చెరువులో చుక్క మందు పడలేదు." "మీరు వెయ్యకపోవచ్చు బాబాయి గారూ. ప్రోబయోటిక్ అని మీకు అమ్మిన డబ్బాలో ఏముందో?" ఆ డబ్బా మీద ఉండేవి రొయ్య బొమ్మ, కంపెనీ ఫోన్ నంబరు. లోపలున్న సరుకు వివరం ఉండేది కాదు. నిజానికి కొన్నిసార్లు రైతు మాటే నిజమయ్యేది కూడా. నైట్రోఫ్యూరాజోన్ వాడారని పట్టించే గుర్తు సెమికార్బజైడ్ అనే పదార్థం. మన నీలకంఠ రొయ్య పెంకులో అది సహజంగానే ఉండవచ్చని తర్వాత పరిశోధనల్లో తేలింది. పెంకుతో సహా రుబ్బి పరీక్షిస్తే, మందు ముట్టని రైతు కూడా దోషి అవుతాడు. ప్రమాణం అంటే అంకె ఒక్కటే కాదు, శాంపిల్ ఎలా తీయాలో, ఎవరు తీయాలో, అది తప్పని ఎవరు రుజువు చెయ్యాలో అన్నీ అందులో భాగమే. ఒప్పందాల చర్చల్లో గంటలకు గంటలు సాగేది ఈ చివరి మాట మీదే.

దీని మూలం 1995లో ఉంది. ప్రపంచ వాణిజ్య సంస్థ ఆ ఏడాది జనవరి 1న పుట్టినప్పుడే ఒక నియమం పెట్టింది. ప్రతి దేశం తన ఆహార ప్రమాణాలు తను పెట్టుకోవచ్చు. కానీ వాటికి శాస్త్రీయ ఆధారం ఉండాలి, స్వదేశీ సరుకుకు ఒకటి విదేశీ సరుకుకు ఒకటి కారణం లేకుండా ఉండకూడదు. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాలను పాటిస్తే అడిగేవారుండరు. అంతకంటే గట్టిగా పెట్టుకుంటే ఎందుకో చూపించాలి. ఆ తర్వాత వచ్చిన స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలు చాలావరకు ఈ పునాది మీదే గోడలు లేపాయి.

చెప్పినంత తేలిక కాదని మొదట తెలుసుకున్నది యూరపే. హార్మోన్లు ఇచ్చి పెంచిన పశువుల మాంసం రానివ్వమని 1989లో ఆపేసింది. అమెరికా, కెనడా కేసు వేశాయి. మీ నిషేధానికి సరైన ప్రమాద అంచనా లేదని 1998లో తీర్పు వచ్చింది. అయినా యూరప్ తలుపు తీయలేదు. అప్పుడు అమెరికా ఏటా 11.68 కోట్ల డాలర్ల విలువైన యూరప్ సరుకు మీద 100 శాతం సుంకం వేసింది. దెబ్బ పడినవాటిలో ఫ్రాన్స్ గొర్రెపాల చీజ్ రోక్‌ఫోర్ కూడా ఉంది. పశువుల హార్మోన్‌తో ఏ సంబంధం లేని గొర్రెల కాపరులు దాని శిక్ష అనుభవించారు. కోపంతో 1999 ఆగస్టులో మిలో ఊళ్లో కడుతున్న మెక్‌డొనాల్డ్స్‌ను రైతులు పీకేశారు. చివరికి 2009లో రాజీ కుదిరింది. హార్మోన్ లేని మాంసానికి సుంకం లేని కోటా ఇచ్చి యూరప్ తన నిషేధాన్ని నిలబెట్టుకుంది. డబ్బున్న సంత కాబట్టి ఆ ధర కట్టగలిగింది.

మెక్సికో కట్టలేకపోయింది. మనకు అన్నం ఎలాగో వాళ్లకు మొక్కజొన్న టోర్టియా అలాగ. ఆ పిండిలో జన్యుమార్పిడి మొక్కజొన్న వాడకూడదని 2023 ఫిబ్రవరిలో అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. అమెరికా, కెనడాలతో మెక్సికోకున్న స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద అమెరికా ఫిర్యాదు చేసింది. 2024 డిసెంబరు 20న ఆ ఒప్పందపు ప్యానెల్, మెక్సికో దగ్గర సరైన ప్రమాద అంచనా లేదని తేల్చింది. ఫిబ్రవరికల్లా ఉత్తర్వు వెనక్కి పోయింది. మెక్సికో ఊరుకోలేదు లెండి, దిగుమతిని ఆపలేకపోయినా తన పొలాల్లో ఆ విత్తనం వేయకూడదని మార్చిలో ఏకంగా రాజ్యాంగంలోనే రాసుకుంది.

మన కేసు కోడి మాంసంది. బర్డ్ ఫ్లూ పేరుతో 2007లో అమెరికా కోళ్ల దిగుమతిని మన ప్రభుత్వం ఆపింది. కోళ్ల ఫారాలు ఇంత ఎక్కువున్న మన రెండు రాష్ట్రాలకూ అది మంచి కబురే. ఛాతీ మాంసం తిని కాళ్లు చవగ్గా బయటికి అమ్మే దేశం అమెరికా. 2012లో ఆ దేశం ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసింది, 2015 జూన్‌లో మనం అప్పీలులోనూ ఓడిపోయాం. ఎందుకు ఓడామో చదివితే ల్యాబు మనిషినైన నాకు మతిపోయింది. వాళ్ల దేశంలో ఏ మూలన జబ్బు కనిపించినా దేశం మొత్తం సరుకునూ ఆపేశాం. మన దగ్గర జబ్బు వస్తే ఆ చోటు చుట్టూ పది కిలోమీటర్లే కట్టడి. పైగా వాళ్ల కోళ్లలో మనం అభ్యంతరపెట్టిన తేలికరకం వైరస్‌ను మన కోళ్లలో పట్టుకునే నిఘాయే సరిగా లేదు. ఇంట్లో వెతకనిదాన్ని వాకిట్లో వెతుకుతున్నారే అని అడిగారు. జవాబు లేదు. ఆ తర్వాత కూడా అమెరికా కోడి కాలును ఆపింది మన ప్రమాణం కాదు, 100 శాతం సుంకం. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అంటే మొదట పోయేది ఆ సుంకమే కదా.

పాల సంగతి వేరు. పశువుకు పశు రక్తం, పేగులు కలిపిన దాణా పెట్టలేదని సర్టిఫికెట్ ఇస్తేనే విదేశీ పాల పదార్థాలను మనం రానిస్తాం. ఇది సూక్ష్మజీవుల లెక్క కాదు, అభిషేకానికి వాడే పాల లెక్క. శాస్త్రం అడిగే ప్రశ్నల్లో ఇది ఇమడదు. అమెరికా పాల పరిశ్రమ దీని మీద ఫిర్యాదు చేసింది. మన సరుకుకు అమెరికా ఇచ్చే సుంకం రాయితీ 2019 జూన్ 5న రద్దు కావడానికి అదీ ఒక కారణం. అయినా మన ప్రభుత్వం కదల్లేదు. బ్రిటన్ ఒప్పందంలోనూ పాలను పక్కన పెట్టేశారు. కోట్లాది ఇళ్లలో పాడి ఉంటే ఏ మంత్రి కదులుతాడు?

బ్రిటన్ జనానికీ ఇలాంటి పట్టుదలే ఉంది, క్లోరిన్ నీళ్లలో కడిగిన అమెరికా కోడి మీద. యూరప్ 1997లో దాన్ని ఆపింది. 2025 మేలో అమెరికాతో ఒప్పందం చేసుకున్న బ్రిటన్, చెరో 13,000 టన్నుల గొడ్డు మాంసానికి దారి ఇచ్చింది గానీ హార్మోన్ మాంసం, క్లోరిన్ కోడి రావని చెప్పింది. క్లోరిన్ విషమా అని నన్నడిగితే, మా ప్లాంటులో చేతులు క్లోరిన్ నీళ్లలో ముంచకుండా గడప దాటనిచ్చేవాళ్లం కాదు. వాళ్ల అభ్యంతరం నీళ్ల మీద కాదు. చివర్లో కడిగేస్తాం కదా అనే ధైర్యంతో ఫారంలో, కబేళాలో శుభ్రత వదిలేస్తారని. నాకూ ఆ వాదన సబబే అనిపిస్తుంది.

ప్రమాణం పేరు చెప్పి ఊరికే అడ్డం కొట్టే దేశాలు లేవని కాదు, ఉన్నాయి. మనమూ అందులో ఉన్నాం. కానీ ఒప్పందాలు ప్రమాణాలను దించుతాయా పెంచుతాయా అని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇది: సొంత ఇంట్లో పాటించే ప్రమాణం నిలుస్తుంది, సరిహద్దులో మాత్రమే కనిపించే ప్రమాణం మొదటి కేసుకే పడిపోతుంది.

అక్కడే మనకు చిక్కు. యూరప్‌కు పోయే రొయ్యకు పట్టుబడికి ముందు పరీక్ష, ప్లాంటులో పరీక్ష, వాళ్ల రేవులో పరీక్ష. భీమవరం చేపల మార్కెట్‌కో, హైదరాబాద్ రాంనగర్‌కో పోయే రొయ్యకు పట్టుబడికి ముందు ఏ పరీక్షా లేదు. ఈ మందులు ఉండకూడదని మన ఆహార భద్రతా సంస్థ నిబంధనల్లోనూ రాసే ఉంది. రాసింది చూసేవాడు లేడు. పాజిటివ్ వచ్చిన రైతు మా ల్యాబు మెట్లు దిగుతూ అనే మాట ఎప్పుడూ ఒకటే: "సరేలే అమ్మా, లోకల్‌కి వేసేస్తాను." ఆ మాటలో మోసం ఏమీ లేదు, అప్పు తీర్చుకునే తొందర తప్ప. మసాలాల్లోనూ ఇదే వరస. మన దేశంలో నమోదు కాని పురుగుమందుల అవశేషాలకు కిలోకు 0.01 మిల్లీగ్రాము హద్దు ఉండేది. 2024 ఏప్రిల్‌లో మసాలాల వరకు దాన్ని 0.1కి, అంటే పది రెట్లకు పెంచారు. మసాలా దినుసుల్లో పరీక్ష చేయడం కష్టమన్నది నిజమే. కానీ అదే నెలలో హాంకాంగ్, సింగపూర్‌లు మన మసాలా పొట్లాలను ఇథిలీన్ ఆక్సైడ్ అనే రసాయనం ఉందని షాపుల్లోంచి తీయించాయి.

రేపు ఏ దేశంతోనో కోడి కాలు మీద, మొక్కజొన్న మీద బేరం వస్తుంది. సుంకం తగ్గించాక మన చేతిలో మిగిలేది ప్రమాణమే. అప్పుడు అవతలివాళ్లు మొదట తీసే కాగితం మన సొంత మార్కెట్ రికార్డు. కాబట్టి ప్రభుత్వాన్ని అడగాల్సింది సుంకం ఎంత తగ్గిందని ఒక్కటే కాదు. ఎగుమతి చెరువుకున్న ఎలైజా పరీక్ష లోకల్ చెరువుకూ పెట్టండి, చిన్న రైతుకు దాని ఫీజు మీరే కట్టండి, చెరువు మందుల డబ్బా మీద లోపలేముందో రాయించండి. ల్యాబులు జిల్లాలోనే ఉన్నాయి, యంత్రాలూ ఉన్నాయి. మీ మార్కెట్లో రొయ్యను ఆఖరిసారి ఎప్పుడు పరీక్షించారో మీ జిల్లా ఫుడ్ సేఫ్టీ ఆఫీసుకు ఒక సమాచార హక్కు దరఖాస్తు పెట్టి అడగండి. ఫీజు పది రూపాయలు.