వాకిట్లో పైపుకి కుళాయి లేకపోతే చివరింట్లో బిందెకి నీళ్లుండవ్

పొద్దున ఆరింటికి, ట్యాంకు నీళ్లు వదిలిన పది నిమిషాలకి, మన డెల్టా ఊళ్లలో ఏదో ఒక వీధిలోకి నడవండి. పిట్టలవానిపాలెం అనుకోండి, చందోలు అనుకోండి, కర్లపాలెం అనుకోండి. వాన పడలా, కాలవ తెగలా, అయినా సైడు కాలవ నిండా తేటనీళ్లు పారతా ఉంటయ్. ఇళ్ల ముందు కుళాయి ఊడిపోయిన పైపుల్లోంచి వచ్చే నీళ్లవి. బిందె నిండాక కొంతమంది పైపు మూతికి గుడ్డపేలిక కుక్కుతారు, కొంతమంది మొక్కజొన్న కండె పెడతారు. చాలామంది అది కూడా పెట్టరు. "పంచాయతీ నీళ్లేగా, కాసేపుంటే అయ్యే ఆగుతయ్" అంటారు.

అదే టయానికి ఊరి చివర కాలనీలో ఆడోళ్లు ఖాళీ బిందెలు వరస పెట్టుకోని కూర్చోని ఉంటారు. వాళ్ల పైపు బుస్సుమని గాలి కొడతా ఉంటది.

ఇక్కడ పారేదీ, అక్కడ ఆగిపోయేదీ ఒకే పైపులో నీళ్లు. ఆ సంగతి ఒకసారి బుర్రకెక్కితే, వాకిట్లో కుళాయి బిగించుకోవటం మన ఇంటి పని ఒక్కటే కాదని మీకే తెలుసుద్ది.

లెక్క మీరే కట్టండి

మీ వాకిట్లో పైపు కింద పది లీటర్ల బకెట్టు పెట్టి ఫోన్లో టైము చూడండి. నిమిషంలో నిండిందనుకుందాం. గంటసేపు వదిలేస్తే 600 లీటర్లు. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల జీవన్ మిషన్ పల్లెటూళ్లో మనిషికి రోజుకి ఇవ్వాలని పెట్టుకున్న లెక్క 55 లీటర్లు. అంటే కుళాయి లేని ఒక్క పైపు గంటలో దాదాపు పదకొండు మంది వాటాని మురుగులో కలిపేసుద్ది. ఇంటింటికీ కుళాయి అన్న ఆ పథకానికి ముందు 2024 గడువన్నారు, తర్వాత 2028 దాకా జరిపారు. ఇల్లిల్లూ తిరిగి పైపు వేస్తే లెక్కలో కనెక్షన్ వచ్చినట్టే. పైపు చివర కుళాయి నిలబడకపోతే నీళ్లు వచ్చినట్టు మాత్రం కాదు.

మన పక్క ఇది ఇంకా పెద్ద సంగతి. సముద్రం దగ్గర. చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పు తగులుద్ది. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలవలకి నీళ్లొచ్చినప్పుడు మంచినీళ్ల చెరువు నింపుకోవాలి, కాలవ కట్టేశాక ఎండాకాలమంతా ఆ చెరువు మీదే బతకాలి. ఆ నీళ్లనే వడకట్టి, క్లోరిన్ కలిపి, మోటారుతో ట్యాంకు ఎక్కించి మనకి వదుల్తారు. సైడు కాలవలో పారేది కరెంటు బిల్లూ క్లోరినూ కలిసిన చెరువు నీళ్లన్నమాట.

గుంట తవ్వితే నీళ్లొస్తయ్, రోగం కూడా వస్తది

నీళ్లు సన్నగా వస్తుంటే మనోళ్లు చేసే పనొకటి ఉంది. వాకిట్లో రెండడుగుల గుంట తవ్వి, పైపుని కోసి, ఆ గుంటలో నుంచి పట్టుకుంటారు. కిందకి పోతే ధార పెరుగుద్ది, నిజమే. కానీ మీ తర్వాత ఇంటికి ధార తగ్గుద్ది. వాళ్లు ఇంకో అరడుగు లోతు తవ్వుతారు. చివరింటోళ్లు బావి తవ్వినా లాభం ఉండదు. ఇంకొంతమంది పైపుకే మోటారు తగిలించి లాగుతారు. అది పక్కింటి బిందెలో చెయ్యి పెట్టటమే.

గుంటతో అసలు ప్రమాదం వేరే ఉంది. పీపాలోంచి డీజిలు తీసేటప్పుడు పైపు మూతి నోట్లో పెట్టి ఒక గుక్క పీల్చి వదిలితే డీజిలు దానంతటదే వస్తది కదా. ఊరి పైపుల్లో కూడా అదే జరుగుద్ది. ట్యాంకు వాల్వు కట్టేయగానే పైపులో మిగిలిన నీళ్లు పల్లానికి జారతయ్. ఖాళీ అయిన చోట పైపు లోపలికి పీల్చుద్ది. ఆ మూతి గుంటలో మునిగి ఉంటే గుంటలో ఏముందో అదే పీల్చుద్ది. అంట్లు తోమిన నీళ్లు, పేడ నీళ్లు, మరుగుదొడ్డి ఊట, ఏదైనా సరే. రేపు పొద్దున వాల్వు తిప్పగానే మొదటి బిందెలో వచ్చేది అదే. మోటారుతో లాగినా ఇదే పీకులాట, పగిలిన జాయింట్లలోంచి మురుగు లోపలికి వస్తది.

తాగే నీళ్ల పైపులో మురుగు కలిస్తే ఏమవుద్దో 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట పక్క చూశాం. అతిసారం ప్రబలి మనుషుల ప్రాణాలు పోయినయ్. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అట్టాంటి వానల్లో వీధంతా నీళ్లు నిలబడ్డప్పుడు, నేలబారున ఉన్న ప్రతి తెరిచిన పైపూ మురుగు తాగే నోరే. అందుకని మొదటి సూత్రం: కుళాయి నేల మీద ఉండాలి, గుంటలో కాదు.

కొత్తగా బిగించుకునేది ఎట్టా

నేల నుంచి రెండడుగుల ఎత్తు చాలు. బిందె పెట్టినా కుళాయి మూతికీ బిందె అంచుకీ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలి. కుళాయికి రబ్బరు పైపు తగిలించి దాని కొసని డ్రమ్ములో ముంచి వదిలేయొద్దు. అది కూడా గుంట మాదిరే వెనక్కి పీల్చుద్ది.

నిలబడే పైపుకి ఆసరా కావాలి. ఒట్టి పీవీసీ పైపు గాల్లో నిలబెడితే గేదె ఒళ్లు రుద్దుకున్నా, పిల్లాడు ఊగినా, అడుగున జాయింటు విరుగుద్ది. ఒక సిమెంటు స్తంభమో రాతి కూసమో పాతి, పైపుని రెండుచోట్ల క్లాంపుతో బిగించండి. ఎండకి పీవీసీ పెళుసు బారుద్ది కాబట్టి బయటికి కనపడే ముక్కకి రంగు వేయండి.

పీవీసీ అతికేటప్పుడు పైపునీ ఎల్బోనీ పొడిగుడ్డతో తుడిచి, రెండిటికీ సొల్యూషన్ పూసి, లోపలికి నెట్టి పావు చుట్టు తిప్పి అర నిమిషం పట్టుకోండి. వెంటనే నీళ్లు వదలొద్దు, రాత్రి అతికి పొద్దున వదలండి. కుళాయి ఎక్కే చోట లోపల ఇత్తడి మర ఉన్న ఎల్బో అడగండి. నాలుగు రూపాయలు ఎక్కువైనా, కుళాయి మార్చినప్పుడల్లా మర అరిగిపోకుండా ఉంటది. కుళాయికి ముందు ఒక చిన్న బాల్ వాల్వు పెట్టుకుంటే రిపేరుకి ట్యాంకు ఆగేదాకా ఎదురుచూడక్కర్లా.

టెఫ్లాన్ టేపు చుట్టటంలో చాలామంది తప్పు చేస్తారు. కుళాయి మర మీ మొహం వైపు ఉండేట్టు పట్టుకోండి. గడియారం ముల్లు తిరిగే దిక్కుకే ఎనిమిదో పదో చుట్లు, లాగి పట్టి చుట్టండి. ఎదురు దిక్కుకి చుడితే బిగించేటప్పుడు టేపు ఊడొస్తది. ప్లాస్టిక్ కుళాయిని చేత్తోనే బిగించి, చివర్లో పావు చుట్టు స్పానరుతో తిప్పితే చాలు. పైపు రెంచి పెట్టి బలం చూపిస్తే మర చిట్లుద్ది. ఊళ్లలో పగిలే కుళాయిల్లో ఎన్నో బిగించిన రోజే సగం పగిలి ఉంటయ్.

ఏ కుళాయి కొనాలి? ఉప్పు బోరు నీళ్లయితే ఇనుము తుప్పు పడుద్ది, ఇత్తడికి కూడా పచ్చటి చిలుం ఎక్కి తిరగటం మానుద్ది. అక్కడ గట్టి ప్లాస్టిక్ కుళాయి మేలు. చెరువు నీళ్లొచ్చే పంచాయతీ పైపుకి బరువైన ఇత్తడి కుళాయి ఏళ్ల తరబడి ఉంటది. ఇంకో మాట, బోరు లైనునీ పంచాయతీ లైనునీ ఒకే పైపులో కలపొద్దు. మీ బోరు మోటారు వేయగానే ఉప్పునీళ్లు ఊరి పైపులోకి ఎక్కుతయ్. రెండూ వేరు వేరు కుళాయిలుగానే ఉండాలి.

కారితే ఎక్కడ కారుతుందో ముందు చూడండి

కుళాయి మొత్తం మార్చేముందు ఒక నిమిషం నిలబడి చూడండి. కారే చోటుని బట్టి జబ్బు తెలుసుద్ది.

కట్టేసినా మూతిలోంచి చుక్కలు పడుతుంటే లోపల వాచరు అరిగినట్టు. వాల్వు కట్టండి, లేదా నీళ్లు ఆగిన టైములో చేయండి. పిడి మీద స్క్రూ విప్పి పిడి తీయండి. దాని కింద నట్టుని స్పానరుతో ఎడమకి తిప్పితే కాడ మొత్తం బయటికొస్తది. కొసన ఉన్న నల్ల రబ్బరు బిళ్లే వాచరు. దాన్ని షాపుకి పట్టకపోయి అదే సైజు తెచ్చి వేయండి. లోపల వాచరు కూర్చునే గట్టు మీద ఇసకా చిలుమూ ఉంటే గుడ్డతో తుడవండి. గట్టే గాట్లు పడి ఉంటే ఎన్ని వాచర్లు మార్చినా ఆగదు, అప్పుడు కుళాయి మార్చండి.

పిడి దగ్గర, కాడ చుట్టూ నీళ్లు ఊరుతుంటే ఆ పక్క నట్టు కొంచెం బిగించండి. ఆగకపోతే నట్టు విప్పి, టేపుని తాడు మాదిరి పేని కాడ చుట్టూ చుట్టి మళ్లీ బిగించండి.

ఎల్బోలోకి వెళ్లే చోట కారితే మర దగ్గర టేపు పోయినట్టు. విప్పి, పాత టేపు గీకి, కొత్తది చుట్టండి.

పావు చుట్టు తిరిగే కొత్తరకం కుళాయిలో రబ్బరు వాచరు ఉండదు, లోపల పింగాణీ బిళ్లల కార్ట్రిడ్జి ఉంటది. అది మొత్తంగా మార్చాల్సిందే. ప్లాస్టిక్ కుళాయి విరిగి ముక్క ఎల్బోలోనే ఉండిపోతే, ఒక కర్రముక్కని సన్నగా చెక్కి లోపల బిర్రుగా దిగ్గొట్టి మెల్లిగా ఎడమకి తిప్పండి, ముక్క దాంతోపాటు వస్తది.

చుక్కే కదా అనుకోవద్దు. ఇంటి మీద ట్యాంకు ఉన్నోళ్లు కారే కుళాయి కింద పావులీటరు గ్లాసు పెట్టి చూడండి. పావుగంటలో నిండితే గంటకి లీటరు, రోజుకి 24 లీటర్లు. ఒక మనిషి వాటాలో సగానికి కొంచెం తక్కువ.

కారిన నీళ్లు ఎటు పోవాలో కూడా చూసుకోవాలి. ఇంకుడు గుంత తవ్వమంటారు గానీ, మన డెల్టాలో వానాకాలం నేలలోనే నీళ్లు పైకుంటయ్, గుంత ఇంకదు, దోమలు పెరుగుతయ్. కుళాయి కింద చిన్న సిమెంటు గచ్చు వేసి, వాలు పెట్టి, అరటి మొక్కకో కంద పాదుకో మళ్లిస్తే సరిపోద్ది.

ఏది మన పని, ఏది పంచాయతీ పని

వాకిట్లో కుళాయి, దాని ముందు పైపు, ఇయ్యి మన చేతి పని. వీధిలో మెయిన్ పైపుకి చిల్లు పొడవటం, జాయింటు కలపటం మాత్రం చేయొద్దు. అక్కడ లీకయితే ఫోటో తీసి సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటుకి రాతపూర్వకంగా ఇవ్వండి, తేదీ వేసిన రసీదు తీసుకోండి. 1992లో వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకి అప్పజెప్పదగిన 29 అంశాల్లో తాగునీరు 11వది. ఊళ్లో నీటి కమిటీ ఉండాలి, అందులో సగం మంది ఆడోళ్లు, పావు వంతు బలహీన వర్గాలోళ్లు ఉండాలని జల జీవన్ మిషన్ రూలు పెట్టింది. మీ ఊళ్లో ఆ కమిటీలో ఎవరున్నారో గ్రామసభలో అడగండి. చాలామందికి తాము మెంబర్లమన్న సంగతే తెలియదు.

కుళాయి గురించి ఇంత రాద్ధాంతం ఎందుకనే వాళ్లకి ఒక్క మాట. కారంచేడు ఇప్పుడు మన బాపట్ల జిల్లాలోనే ఉంది. 1985 జులై 16న అక్కడ గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గర. మేం తాగే నీళ్లని మురికి చేయొద్దని దళితులు అడిగారు. మరుసటి రోజు ఆరుగురు దళితుల్ని చంపారు. ఇప్పుడు చెరువు గట్టు బదులు పైపు వచ్చింది. పైపుకి కులం లేదంటాం. కానీ పైపు ట్యాంకు దగ్గర మొదలై పల్లె చివర ఆగుద్ది, ఆ చివర ఎవరి ఇళ్లుంటయ్యో మనందరికీ తెలుసు. మెట్టమొదటి ఇంట్లో కుళాయి లేకపోతే ఆ దెబ్బ తగిలేది చివరి ఇంటికే. ఎవరూ ఎవరినీ తిట్టలా, కొట్టలా, నీళ్లు మాత్రం అందలా.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఫోన్లో ఇది చదివాక చేయాల్సిన పని చిన్నదే. ఒక ఆదివారం నలుగురు కలవండి. ఒక స్పానరు, ఒక స్క్రూడ్రైవరు, నాలుగు టేపు చుట్టలు, డబ్బాడు వాచర్లు, పది కుళాయిలు. పది ఇళ్లోళ్లు చందా వేసుకుంటే ఎవరికీ బరువు కాదు. పని ట్యాంకు దగ్గర మొదలుపెట్టి కిందకి రండి. తల లేని పైపుకి కుళాయి పెట్టండి, గుంటలో పైపుని పైకి లేపండి, కారే దానికి వాచరు వేయండి. గుంట పూడ్చమంటే ముందు ఒప్పుకోరు. "పైనోళ్లు కట్టేస్తే మేం పూడుస్తాం" అంటారు. వాళ్ల మాట న్యాయమే. అందుకే పైనుంచి మొదలుపెట్టమంటున్నా.

మర్నాడు పొద్దున ఆరింటికి మాత్రం ట్యాంకు దగ్గర నిలబడొద్దు. కాలనీలో చివరింటికి పోయి, ఆ పెద్దమ్మ బిందె ఎన్ని నిమిషాల్లో నిండిందో ఫోన్లో చూడండి.