చికిత్స సాగుతుండగా పని మానాలా?

క్యాన్సర్ అని తేలిన వారంలోనే రెండు ప్రశ్నలు వెంటవెంటనే ఎదురవుతాయి. ఒకటి బతుకు గురించి, రెండోది బతుకుతెరువు గురించి. మొదటిదానికి డాక్టర్లు వివరంగా జవాబు చెబుతారు. రెండోదాన్ని చాలావరకు ఇంటివాళ్లకే వదిలేస్తారు. నెల జీతం వచ్చే ఇళ్లలో వినిపించే మాట ఒకటే: "పనీ గినీ ఏం వద్దు, ఇంటిపట్టున పడుకో." రోజుకూలీ ఇంట్లో ఆ మాట అనే స్తోమత ఎవరికీ ఉండదు. ఈ రెండు జవాబులూ రోగి శరీరాన్ని చూసి ఇచ్చినవి కావు. ఏ చికిత్స ఇస్తున్నారు, ఎన్నాళ్లకోసారి ఇస్తున్నారు, ఏ రోజున ఒంట్లో ఏం జరుగుతుంది, చేసే పనికి ఏ అవయవం ముఖ్యం అనేవి చూశాకే ఈ విషయం తేల్చుకోవాలి. ఒకసారి తేల్చుకున్నా కొన్ని వారాలకు మళ్లీ ఆలోచించుకోవాలి.

కీమోథెరపీతో మొదలుపెడితే, చాలా రకాల మందులను 21 రోజులకోసారి ఎక్కిస్తారు. ఆ 21 రోజులూ ఒకేలా ఉండవు. మందు ఎక్కించిన రోజు, ఆ మర్నాడు చాలామంది హుషారుగానే కనిపిస్తారు. వాంతులు, అలర్జీ రాకుండా ముందుగా ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రభావం అది. "నాకేం కాలేదు, రేపు డ్యూటీకి పోతా" అన్న మనిషి మూడో రోజో నాలుగో రోజో ఆ ప్రభావం దిగిపోగానే మంచం పడతాడు. వికారం, ఒళ్లునొప్పులు, నోటికి రుచి తెలియకపోవడం ఆ రోజుల్లోనే ఎక్కువ. వారం తిరిగేసరికి తేరుకున్నట్టు ఉంటుంది. అసలు జాగ్రత్త పడాల్సింది అప్పుడే. ఎముక మజ్జ మీద మందు కొట్టిన దెబ్బ రక్తంలో కనబడటానికి కొన్ని రోజులు పడుతుంది. సాధారణంగా ఏడో రోజుకూ పద్నాలుగో రోజుకూ మధ్య తెల్లకణాలు, ముఖ్యంగా న్యూట్రోఫిల్స్, బాగా తగ్గిపోతాయి. ఆసుపత్రి వరండాల్లో రోగులు "కౌంట్ పడిపోయింది" అనేది దీని గురించే. అంటే మనిషికి బాగున్నట్టు తోచే రోజులూ, ఇన్‌ఫెక్షన్‌కు సులభంగా లొంగిపోయే రోజులూ ఒకటే అవుతాయి. మూడో వారానికి కణాలు పుంజుకుంటాయి. చాలామందికి పనికి అనువైన రోజులు అవే.

అందుకే మొదటి విడతకు, అంటే మొదటి సైకిల్‌కు, పనేదీ పెట్టుకోకుండా ఉండటం మంచిది. రోజూ ఒక నోట్‌బుక్‌లో జ్వరం, నిద్ర, తిండి, ఎంతసేపు కూర్చోగలిగారు, ఎంత దూరం నడవగలిగారు అన్నవి రాసుకుంటే, రెండో సైకిల్‌కు ఏ రోజుల్లో పనికి వెళ్లవచ్చో ఆ మనిషి సొంత లెక్క తేలుతుంది. అయితే ఈ లెక్క చివరి సైకిల్ దాకా నిలవదు. నీరసం సైకిల్ సైకిల్‌కూ పేరుకుపోతుంది. మొదటి రెండుసార్లు పది రోజులు పని చేయగలిగినవారికి ఐదోసారి ఐదు రోజులే చేతకావచ్చు. వారం వారం ఎక్కించే పాక్లిటాక్సెల్ లాంటి మందులకు వేరే లెక్క ఉంటుంది. ఏ మందైనా సరే, జ్వరం 100.4 డిగ్రీలు దాటితే ఆఫీసులో ఉన్నా పొలంలో ఉన్నా ఆసుపత్రికి బయల్దేరాలి. కణాలు తగ్గినప్పుడు వచ్చే జ్వరానికి గంటల్లో యాంటీబయాటిక్ పడాలి. పారాసెటమాల్ వేసుకుని షిఫ్టు పూర్తి చేద్దామనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

జనం "కరెంటు పెట్టించుకోవడం" అనే రేడియేషన్ తీరు వేరు. వారానికి ఐదు రోజులు, మెషిన్ మీద ఉండేది పది పదిహేను నిమిషాలే. రొమ్ము క్యాన్సర్‌కు ఇప్పుడు చాలాచోట్ల మూడు వారాల కోర్సు సరిపోతోంది. నోరు, గొంతు క్యాన్సర్లకు ఆరేడు వారాలు పడుతుంది. మొదటి రెండు వారాలు పెద్ద తేడా తెలియదు. మూడో వారం నుంచి అలసట పెరుగుతూ, కోర్సు అయిపోయాక కూడా కొన్ని వారాలు ఉంటుంది. ఊళ్లోనే ఆసుపత్రి ఉన్న ఉద్యోగి పొద్దున్నే సిట్టింగ్ ముగించుకుని డ్యూటీకి వెళ్లగలడు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చే మనిషికి ఆ వీలు లేదు. 300 కిలోమీటర్ల దూరమే అక్కడ నిర్ణయం చేసేస్తుంది. కోర్సు పూర్తయ్యేదాకా నగరంలో ఉండాల్సిందే. గొంతుకు కరెంటు పెడుతున్న టీచరుకు మూడో నాలుగో వారానికి నోట్లో పుళ్లు పడి, మాట బొంగురుపోతుంది. అప్పటికి పాఠం చెప్పడం మానేయక తప్పదు.

ఒక విషయంలో మాత్రం రాజీకి చోటే లేదు. పని కోసం కరెంటు సిట్టింగులు ఎగ్గొట్టకూడదు. తల, మెడ క్యాన్సర్లలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో చికిత్స అనుకున్న గడువు దాటి పోయిన ఒక్కో రోజుకూ గడ్డ అదుపులో ఉండే అవకాశం సుమారు ఒక శాతం తగ్గుతుందని దశాబ్దాల పరిశీలనలు చెబుతున్నాయి. మధ్యలో దొరికిన విరామంలో మిగిలిన క్యాన్సర్ కణాలు వేగంగా పెరగడమే కారణం. నాట్ల సీజన్‌లో పది రోజులు ఊరెళ్లి వస్తానని అడిగే రోగికి ఈ లెక్కను ఎవరో ఒకరు ఓపిగ్గా చెప్పాలి. చెప్పినప్పుడు ఆ పది రోజుల కూలి ఎలా వస్తుందన్నది కూడా మాట్లాడాలి. లేకపోతే ఆ సలహా సగమే.

ఆపరేషన్ తర్వాత ఎన్నాళ్లు విశ్రాంతి అన్నది కోసిన చోటును బట్టి ఉంటుంది. రొమ్ము ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు కూడా తీసినవారికి చెయ్యి వాచే ప్రమాదం ఉంది కాబట్టి జీవితాంతం బరువు ఎత్తకూడదని ఒకప్పుడు గట్టిగా చెప్పేవారు. 2009లో అమెరికాలో వెలువడిన ఒక ప్రయోగం ఈ భయాన్ని చాలావరకు తీర్చింది. పర్యవేక్షణలో కొద్దికొద్దిగా బరువు పెంచుకుంటూ వ్యాయామం చేసిన స్త్రీలలో వాపు ఎక్కువ కాలేదు. ఒక్కసారిగా బస్తా ఎత్తవచ్చని దీని అర్థం కాదు. ఆ చేతికి గాయాలు కాకుండా చూసుకోవడం మాత్రం ఎప్పటికీ అవసరమే.

మాత్రలతో నడిచే చికిత్సల్లో పని మానాల్సిన అవసరం చాలాసార్లు రాదు. దీర్ఘకాలిక మైలాయిడ్ రక్త క్యాన్సర్‌కు వాడే ఇమాటినిబ్ దీనికి మంచి ఉదాహరణ. 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందును 2003లో హైదరాబాద్‌కు చెందిన నాట్కో చాలా తక్కువ ధరకు తెచ్చింది. రోజూ ఈ మాత్ర వేసుకుంటూ ఏళ్ల తరబడి ఉద్యోగాలు, వ్యవసాయం చేసుకుంటున్నవారు ఎందరో ఉన్నారు.

చికిత్స ఒకటే అయినా పని మారితే నిర్ణయం మారుతుంది. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే స్త్రీ పనిని దగ్గరగా చూస్తే ఇది తెలుస్తుంది. తడిపిన తునికాకును కత్తెరతో కత్తిరించాలి, తంబాకు పోసి వేళ్ల కొసలతో చుట్టాలి, మొన మడవాలి, దారం కట్టాలి. కూర్చుని చేసే పనే కదా, తేలికేనని బయటివాళ్లకు అనిపిస్తుంది. పాక్లిటాక్సెల్ లాంటి మందుతో వేళ్ల కొసలు తిమ్మిరెక్కితే ఆకు చేతిలో ఉందో లేదో తెలియదు, దారం ముడి పడదు. వెయ్యి బీడీల లెక్కన కూలి కట్టే పనిలో వేగం సగమైతే ఆదాయం సగమవుతుంది. జాకెట్ హుక్కు పెట్టుకోవడం కష్టమవుతోందంటే తిమ్మిరి ముదురుతోందని గుర్తు. ఆ మాట వెంటనే డాక్టరుకు చెబితే మందు మోతాదు తగ్గించే వీలుంటుంది. ఓర్చుకుంటే నష్టం ఏళ్లకొద్దీ మిగిలిపోవచ్చు. దర్జీలకు, నగల పనివారికి, కీబోర్డు మీద బతికే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు ఇదే వర్తిస్తుంది.

పొలం పనిలో ప్రమాదాలు వేరు. పాదాలు మొద్దుబారితే ముల్లు గుచ్చుకున్నా తెలియదు. కౌంట్ పడిపోయిన రోజుల్లో బురదలో దిగితే చిన్న గీతే పెద్ద ఇన్‌ఫెక్షన్ కావచ్చు. కాపెసిటాబిన్ మాత్రలు వాడేవారిలో కొందరికి అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పొట్టు రేగుతాయి. కొడవలి పట్టడం, చెప్పులు లేకుండా గట్టు మీద నడవడం వారికి నరకమే. లారీ, ఆటో నడిపేవారికి మరో చిక్కు. వాంతులకు ఇచ్చే ఓలాంజపిన్ మగత తెస్తుంది. అది వాడే రోజుల్లో స్టీరింగ్ పట్టకూడదు.

పని మానేసి పూర్తిగా పడుకుంటే అలసట పోతుందన్న నమ్మకం బలంగా ఉంది. క్యాన్సర్ అలసట మామూలు అలసట కాదు. నిద్రపోయి లేచినా అది తీరదు. రక్తహీనత, వాపును రేపే రసాయనాలు, నిద్రలేమి, దిగులు అన్నీ అందులో కలిసి ఉంటాయి. మంచానికే పరిమితమైతే కండ క్షీణించి నీరసం ఇంకా పెరుగుతుంది. వారానికి మూడుసార్లు అరగంట చొప్పున నడక లాంటి వ్యాయామం ఈ అలసటను తగ్గిస్తుందని ఎన్నో ప్రయోగాల్లో తేలింది. కాబట్టి ఓపిక ఉన్నంత పని హాని చేయదు. చాలామందికి రోగి అనే గుర్తింపు నుంచి కొన్ని గంటల విడుపు కూడా దొరుకుతుంది. మతిమరుపు, మాట వెంటనే గుర్తురాకపోవడం, రెండు పనులు ఒకేసారి చేయలేకపోవడం కూడా చికిత్స కాలంలో కొందరికి ఎదురవుతాయి. లెక్కలు, ఇంజెక్షన్ మోతాదుల లాంటి తప్పు దొర్లకూడని పనుల్లో ఉన్నవారు ఇంకొకరి చేత సరిచూపించుకోవడం అవసరం.

ఇక డబ్బు సంగతి. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటి నుంచి దాని ప్రధాన పని ఆసుపత్రి ఖర్చు భరించడం. పోయిన కూలి దాని లెక్కలోకి రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో ఆపరేషన్ తర్వాత విశ్రాంతి రోజులకు రోజుకు 225 రూపాయల భృతి మొదలుపెట్టారు. ఆ ఆలోచన సరైనది, ఇంకా విస్తరించాల్సినది. ఈఎస్ఐ పరిధిలో ఉన్న కార్మికులకు మెరుగైన హక్కు ఉంది. ఏడాదిలో 91 రోజుల వరకు 70 శాతం వేతనం, ఆపై క్యాన్సర్ లాంటి జబ్బులకు, అర్హత ఉంటే, 80 శాతం చొప్పున గరిష్ఠంగా రెండేళ్ల దాకా వస్తుంది. చాలామంది ఈ రెండో భాగం సంగతి తెలియకుండానే రాజీనామా రాసిచ్చేస్తారు. ప్రైవేటు ఉద్యోగికి రాజీనామా వల్ల మరో నష్టం ఉంది. కంపెనీ ఇచ్చే గ్రూపు ఆరోగ్య బీమా కూడా పోతుంది. అప్పటికే ఉన్న జబ్బుతో కొత్త పాలసీ దొరకడం కష్టం, దొరికినా మూడేళ్ల దాకా నిరీక్షణ ఉండవచ్చు. జీతం లేని సెలవైనా సరే, ఉద్యోగంలో పేరు నిలుపుకోవడమే మేలు. అమెరికాలో హెచ్-1బి వీసా మీద ఉన్న తెలుగువారికి ఇది ఇంకా ముఖ్యం. ఉద్యోగం పోతే అక్కడ ఉండటానికి గరిష్ఠంగా 60 రోజుల గడువే ఉంటుంది.

యజమానికి ఎంత చెప్పాలన్నది రోగి ఇష్టం. తోటి ఉద్యోగులందరికీ జబ్బు పేరు చెప్పాల్సిన బాధ్యత లేదు. సెలవులు, పని మార్పు కావాలంటే మాత్రం పైఅధికారికో హెచ్ఆర్‌కో చెప్పక తప్పదు. అప్పుడు డాక్టరు రాసే కాగితం ముఖ్యం. "పనికి పనికిరారు" అని ఒక్క ముక్కలో రాసిన సర్టిఫికెట్ కంటే, బరువులు ఎత్తకూడదు, రాత్రి షిఫ్టు వద్దు, ప్రతి సైకిల్‌లో ఫలానా వారం సెలవు అవసరం అని వివరంగా రాసినది ఎక్కువ ఉపయోగపడుతుంది. ఇలాంటి సర్దుబాట్లు ఎందుకు అవసరమో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది: 2009లో 36 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు క్యాన్సర్ వచ్చినవారిలో 33.8 శాతం, రానివారిలో 15.2 శాతం మంది ఉద్యోగం లేకుండా ఉన్నట్టు తేలింది.

చికిత్స ముగిశాక కొందరు పాత పనికి తిరిగి వెళ్లలేరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో క్యాన్సర్ పేరు లేదు. కానీ స్వరపేటిక తీసేయడం వల్ల మాట పోతే అది ఆ చట్టం కింద వాక్ వైకల్యమే. కాలు తీసేస్తే అది చలన వైకల్యం. ఇలాంటివారు వైకల్య ధ్రువపత్రం తీసుకోవచ్చు. ప్రభుత్వోద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టులోకి మార్చాలని ఆ చట్టం చెబుతోంది.