బియ్యం లెక్క మారదు, దుకాణం మారొచ్చు

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు గాడి తప్పితే మామూలుగా గడువు దాటుతుంది, ఖర్చు పెరుగుతుంది. రేషన్ దుకాణంలో నడిచే సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే మాత్రం ఒక కుటుంబానికి ఆ నెల బియ్యం అందవు. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో 2012లో మొదలైన ‘కోర్ పీడీఎస్’ను గమనించాల్సింది అందుకే.

అప్పటిదాకా ఒక కార్డుకు ఒకటే దుకాణం. డీలరు తలుపు తీయకపోయినా, తూకంలో కోత పెట్టినా మరో దారి లేదు. కొత్త విధానంలో స్మార్ట్ కార్డుతో నచ్చిన దుకాణానికి వెళ్లొచ్చు. అక్కడి చిన్న యంత్రం మొబైల్ నెట్‌వర్క్ ద్వారా అమ్మకం వివరాలను కేంద్ర సర్వర్‌కు పంపుతుంది.

దీని పునాది అంతకుముందే పడింది. జాతీయ సమాచార కేంద్రం (ఎన్ఐసీ) రాష్ట్ర విభాగం 2007లో ధాన్యం కొనుగోళ్లను కంప్యూటరీకరించింది. చాలా కేంద్రాలకు ఇంటర్నెట్ లేదు. దాంతో లెక్కలు అక్కడి కంప్యూటర్‌లోనే నమోదయ్యేవి. ఆ ఫైళ్లను మనుషులు బైకుల మీద చేరవేసేవారు. మొరటు పద్ధతే, కానీ నెట్ వచ్చేదాకా పని ఆగలేదు.

సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్‌లో ఇది పాత వాదమే. అంతా ముందే రాసుకుని దశలవారీగా కట్టాలని ఒక పక్షం. కొంచెం కట్టి, వాడేవారికి చూపి, దిద్దుకుంటూ పోవాలని మరో పక్షం. వీరి ‘అజైల్’ ప్రకటన 2001లో వచ్చింది. బ్యారీ బోమ్, రిచర్డ్ టర్నర్ 2003లో ఈ తగవును పక్కకు నెట్టి అసలు ప్రశ్న వేశారు: ఏ ప్రాజెక్టుకు ఏది ఎంత? జట్టు ఎంత పెద్దది, తప్పు జరిగితే నష్టమెంత, అవసరాలు ఎంత వేగంగా మారుతున్నాయి, మనుషుల నైపుణ్యం ఎలాంటిది, సంస్థ సంస్కృతి ఏమిటి అనే అయిదు కొలతలు చూడమన్నారు.

రాయ్‌పూర్‌కు ఈ కొలతలు పెడితే ఒకే వ్యవస్థలో రెండు జవాబులు వస్తాయి. ఏ కార్డుకు ఎన్ని కిలోలు, ఏ దుకాణంలో ఎంత నిల్వ అనే ఖాతాలో ప్రయోగాలకు తావు లేదు. అక్కడ కట్టుదిట్టమైన నియమాలు, ప్రతి మార్పుకూ పరీక్ష తప్పనిసరి. కార్డుదారును గుర్తించే పద్ధతి అలా కాదు. అక్కడ ఒకే దారి పెట్టి బిగించడం ప్రమాదం. కూలి పనితో వేలిముద్రలు అరిగినవారు, కార్డు పోగొట్టుకున్నవారు, సిగ్నల్ అందని వీధులు... ఇవన్నీ పథకం కాగితం మీద కనిపించవు, దుకాణం ముందు వరుసలోనే తెలుస్తాయి. స్మార్ట్ కార్డుకు తోడు ఆరోగ్య బీమా కార్డు, మొబైల్‌కు వచ్చే ఓటీపీ వంటి దారులను ఈ వ్యవస్థలో చేర్చగలిగారంటే, లోపలి ఖాతా జోలికి పోకుండా పై పొరను మార్చే వీలుండబట్టే.

పరిధి పెరిగితే ఈ పాళ్లు మళ్లీ మారతాయి. ఒక రాష్ట్రంలో రికార్డు నమూనాను అక్కడి జట్టే దిద్దుకోగలదు. రాష్ట్రాల మధ్య రేషన్ ఇవ్వాలంటే అందరి యంత్రాలూ ఒకే నమూనాకు కట్టుబడాలి, స్వేచ్ఛ అంతమేర తగ్గుతుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య ఇలాంటి పంపిణీ 2019 ఆగస్టు 9న మొదలైంది. నగరంలో దుకాణం ఎంచుకునే వీలును ఎప్పుడో 2012లోనే ఇచ్చిన ఛత్తీస్‌గఢ్ మాత్రం ‘ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు’లో చేరింది 2022 ఫిబ్రవరిలో. దాని తర్వాత మిగిలింది అస్సాం ఒక్కటే.